రికార్డర్ ఆపేశాక ఏం చేయాలి?

హనుమకొండ నుంచి ఒక పాఠకురాలు చేత్తో రాసిన నాలుగు పేజీల ఉత్తరం పంపారు. పేరు వేయవద్దన్నారు. ఊరు, కుటుంబం గుర్తుపట్టే వివరాలు కొన్ని నేనే మార్చి, జరిగిన సంగతి మాత్రం ఉన్నదున్నట్టు ఇస్తున్నాను.

ఆమెకు 26 ఏళ్లు. ఎం.ఎస్.డబ్ల్యూ. (సామాజిక సేవలో పీజీ) చదివి ఏడాదిన్నరగా ఒక స్వచ్ఛంద సంస్థలో పని చేస్తున్నారు. సేద్యంలో దెబ్బతిని ప్రాణం తీసుకున్న రైతుల భార్యల దగ్గరికి వెళ్లి, వాళ్ల జీవిత కథను వాళ్ల మాటల్లోనే రికార్డు చేసి రాసిపెట్టడం ఆమె పని. ఒక్కొక్కరితో మూడు నాలుగు సార్లు కూర్చోవాలి. పరకాల వైపు ఒక ఊళ్లో, కౌలుకు పత్తి వేసి నష్టపోయిన రైతు భార్య ఒకామె ఉంది. భర్త పోయి ఎనిమిది నెలలు. ఇద్దరు పిల్లలు. మొదటి రెండుసార్లు బాగానే మాట్లాడింది. రెండోసారి వచ్చేటప్పుడు సంచి నిండా మక్క కంకులు పెట్టి మరీ పంపింది. మూడోసారి 'ఆ రోజు' గురించి అడిగారు. చెప్పి చెప్పి, చివరికి ఆమె ఇలా అందట: "బతుకమ్మ దాక ఉంట. పిల్ల ముచ్చట తీరాలె గద. అటెన్క నాతోని ఎవలకేం పని?" ఆ వెంటనే, "ఇది ఎవ్వలకు చెప్పకు బిడ్డా, నీ మీద ఒట్టు" అని చెయ్యి పట్టుకుంది.

మన పాఠకురాలు భయపడి రికార్డర్ ఆపేశారు. "అట్లా అనొద్దక్కా, పిల్లల్ని చూసుకోవాలి కదా" అని తోచిన ధైర్యం చెప్పి, ఐదున్నర బస్సుకు హనుమకొండ వచ్చేశారు. రాత్రంతా నిద్ర లేదు. మర్నాడు కోఆర్డినేటర్‌కు చెబితే, "మనం డాక్యుమెంటేషన్ టీమ్, కౌన్సెలర్లం కాదు. ఆ మాట మాత్రం ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఉంచు, రిపోర్టుకు బలం" అన్నారట. మనసొప్పక ఆ ఊరి ఆశా కార్యకర్తకు ఫోన్ చేసి మొత్తం చెప్పారు. ఆశా వెళ్లి ఆమె మరిదికి చెప్పింది. మరిది ఫోన్ చేసి, "మీరొచ్చి కెలికి కెలికి అడగబట్టే మా వదినకు ఈ ఆలోచన పుట్టింది" అని అరిచాడు. అప్పటి నుంచి ఆమె ఫోన్ ఎత్తడం లేదు.

నా ప్రశ్నల వల్లే ఇలా అయిందా? ఒట్టు తప్పానా? ఆ రికార్డింగ్ చెరిపేయాలా? ఈ పనికి నేను పనికిరానేమో, మానేయనా? ఇవీ ఆమె అడిగినవి. చివర్లో, "ఆ కంకులు తీసుకోవడం కూడా తప్పేమో మేడం" అని ఒక వాక్యం రాసి, కొట్టేసి, కింద మళ్లీ రాశారు.

సమాధానం:

మీ ఉత్తరం చేతికందిన రోజే మీకు ఫోన్ చేశాను. ఇలాంటి ఉత్తరాన్ని వరుసలో పెట్టి, మూడు వారాలకు జవాబు అచ్చువేయడం కుదరదు. ఆమె ఇప్పుడు తల్లిగారింట్లో అక్క కళ్ల ముందు ఉందని, ఇంట్లోని పురుగు మందు డబ్బాలు ఆశా కార్యకర్త దగ్గరుండి తీయించిందని, మొన్న అక్క వెంట ఆస్పత్రికి కూడా పోయివచ్చిందని మీరు చెప్పాకే ఇది రాయడానికి కూర్చున్నాను.

కానీ బతుకమ్మ ఇంకా రాలేదు. గండం గడిచిందని అనుకోకండి. ఎప్పుడైనా విసిగిపోయి "చస్తే పీడ పోతది" అనడం వేరు, ఫలానా పండగ దాకా అని గడువు పెట్టుకోవడం వేరు. భర్త పోయిన ఏడాదిలో వచ్చే ప్రతి పండగా కష్టమే. అందులోనూ బతుకమ్మ. భర్త లేని ఆడవాళ్లను పువ్వు ముట్టనివ్వని ఊళ్లు ఇంకా ఉన్నాయి. తొమ్మిది రోజులు వాకిట్లో పాట వినబడుతుంటే ఆమె తలుపు దగ్గరకేసుకుని కూర్చోకుండా చూడాలి. ఆ రోజుల్లో పక్కన ఎవరుంటారు, రాత్రి ఎవరు పడుకుంటారు, చీకటి ఆలోచన వస్తే ముందు ఎవరిని లేపాలి అన్నది ఆమెతో, ఆమె అక్కతో కలిసి ఇప్పుడే మాట్లాడి పెట్టుకోవాలి. మానసిక బాధలో ఉన్నవాళ్ల కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ 'టెలీ మానస్' నంబర్ 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బేమీ కట్టక్కర్లేదు. అక్క ఫోన్లో ఆ నంబర్ సేవ్ చేయించండి. మీ ఫోన్లో కూడా.

ఇక మీ మొదటి ప్రశ్న. మరిది మాట మిమ్మల్ని కోస్తున్నదని ఉత్తరంలో అక్షరాలు చూస్తేనే తెలుస్తోంది. చావాలనిపిస్తుందా అని అడిగినంత మాత్రాన ఎవరిలోనూ ఆ ఆలోచన పుట్టదు. ఈ రంగంలో ఎన్నోసార్లు పరీక్షించి చూసి తేల్చిన విషయం ఇది. సూటిగా అడిగేవాళ్లు ఒకరు దొరికితే చాలామందికి బరువు దించినట్టు ఉంటుంది. నిజానికి, కోపం తెచ్చుకోకండి, మీరు ఆ ప్రశ్న అడగనే లేదు. అడగాల్సిన చోట ఆగి వచ్చేశారు. "అక్కా, చచ్చిపోదామని అనిపిస్తున్నదా? ఎట్లనో కూడా అనుకున్నవా? ఇంట్ల మందు ఉన్నదా? ఈ ముచ్చట ఇంకెవలకన్న చెప్పినవా?" ఈ నాలుగు అడిగి, జవాబులు విని, ఆమె నమ్మే ఒక మనిషి వచ్చి పక్కన కూర్చున్నాక కదలాలి. ఐదున్నర బస్సు పోతే పోయేది.

"పిల్లల్ని చూసుకోవాలి కదా" అన్నారు. ఆ క్షణంలో అందరి నోటికీ వచ్చే మాటే, నేనూ ఎన్నోసార్లు అన్నాను. కానీ పిల్ల ముచ్చట కోసమే ఆమె బతుకమ్మ దాకా ఆగింది. పిల్లల సంగతి ఆమెకు మనం గుర్తు చేయాలా? ఆ మాట వినగానే "ఈమెకు కూడా అర్థం కాలేదు" అనుకుని నోరు మూసుకుంటారు.

అయితే మరిది మాటలో గింజంత నిజం ఉంది, అది కూడా వినండి. ఆమెలో ఆ ఆలోచన మీరు పుట్టించలేదు. కానీ ఎనిమిది నెలలుగా ఎలాగో మూసి ఉంచిన మూత మూడోసారి మీరు తీశారు. తీశాక అలాగే వదిలి వచ్చారు. మనిషిని బావిలోకి దింపి, తాడు చుట్టుకుని వెళ్లిపోతే ఎలా? జీవిత కథ వినేటప్పుడు 'ఆ రోజు' గురించి ఎప్పుడూ చివర్లో అడగకూడదు. మధ్యలో అడగాలి. ఆ తర్వాత కనీసం ఇరవై నిమిషాలు మిగిలేలా చూసుకుని, కథను ఇవాళ్టికి తీసుకురావాలి. పొద్దున ఏం వండావు, సాయంత్రం పిల్లలు బడి నుంచి ఎట్లా వస్తారు, రాత్రి నిద్ర పడుతున్నదా, రేపు ఎవరి చేన్లో పత్తి ఏరబోతున్నావు. ఇవి రిపోర్టులోకి ఎక్కవు. మిమ్మల్ని బస్సు దాకా సాగనంపేటప్పటికి ఆమె మళ్లీ తన వాకిట్లోకి వచ్చి నిలబడాలి, అందుకు. రెండు రోజులకు ఒక ఫోన్ కూడా. ఇది మీకు ఎవరూ నేర్పకపోతే తప్పు మీ ఒక్కరిది కాదు.

నా సంగతి ఒకటి చెబుతాను. 1997-98లో పత్తి మీద పురుగు పడి, కొట్టిన మందు పనిచేయక, వరంగల్ జిల్లాలో రైతులు వరసగా ప్రాణాలు తీసుకున్నారు. ఆ మరుసటి ఎండాకాలం నాటికి నేను విద్యార్థిని. చేతిలో నలభై ప్రశ్నల ఫారం పట్టుకుని ఒక ఇంటికి పోయాను. చనిపోయినాయన తల్లి వాకిట్లో కూర్చుని చాటలో బియ్యం చెరుగుతోంది. చెరగడం ఆపకుండానే, "ఇగో బిడ్డా, నువ్వు తొమ్మిదోదానివి. అందరికి చెప్పినట్టు చెప్పాల్నా, ఉన్నది చెప్పాల్నా?" అంది. నేనేం అన్నానో రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. "ఫారంలో ఉన్నట్టు చెప్పవ్వా, బస్సు టైమయితాంది" అన్నాను. ఆమె అందరికీ చెప్పినట్టే చెప్పింది. నేను రాసుకున్నాను. నలభై ప్రశ్నలకూ జవాబులు వచ్చాయి.

ఆ అవ్వ ప్రశ్న మీకూ పనికొస్తుంది. మన ఊళ్లలో కాగితం, పెన్ను పట్టుకుని వచ్చిన మనిషి అంటే విచారణకు వచ్చినవాళ్లే. తెలంగాణ ప్రభుత్వం 2015లో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం రైతు ఆత్మహత్య అని తేలితే కుటుంబానికి 5 లక్షలు, అప్పుల సర్దుబాటుకు 1 లక్ష రావాలి. అందుకు రెవెన్యూ, పోలీసు, వ్యవసాయ శాఖల అధికారులు వచ్చి అడిగి రాసుకుంటారు. 2018లో వచ్చిన రైతు బీమాకైతే ఈ విచారణ ఉండదు. 18 నుంచి 59 ఏళ్ల లోపు పట్టాదారు ఏ కారణంతో పోయినా 5 లక్షలు వస్తాయి. కానీ ఆమె భర్తది కౌలు. పాస్‌బుక్ ఆయన పేరున లేదు కాబట్టి బీమా లేదు. కౌలు ఒప్పందం నోటి మాటే అయితే మొదటిదానికి రుజువు చూపడమూ కష్టమే. ఇన్ని విచారణలు చూసిన ఇంట్లో మీరు కూర్చుని "మీ కథ చెప్పండి" అంటే, ఆమెకు ఆ కథ సగం దరఖాస్తులా అనిపించి ఉండొచ్చు. మీ రాకతో డబ్బు ఏమైనా కదులుతుందని ఆశపడిందేమో, రాదని ఎప్పుడు అర్థమైందో మీ ఉత్తరంలో లేదు. అడగండి. ఎనిమిది నెలలుగా ఆ ఫైలు ఏ టేబుల్ మీద ఉందో, వితంతు పింఛను పడుతున్నదో లేదో కనుక్కుని చెప్పడం కూడా కౌన్సెలింగే. మాటల కౌన్సెలింగ్ కన్నా ఒక్కోసారి అదే ఎక్కువ నిద్ర పట్టిస్తుంది.

ఒట్టు విషయం. మీరు ఆ ఒట్టు తప్పడం సరైన పనే. ప్రాణం మీదికి వచ్చినప్పుడు రహస్యం దాచడం ఎవరి వృత్తి ధర్మంలోనూ లేదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ వివరాలు గోప్యంగా ఉంచాలని చెబుతూనే, ప్రాణానికి ముప్పు తప్పించడానికి ఎంత అవసరమో అంత బయటపెట్టవచ్చని మినహాయింపు ఇచ్చింది. అది వైద్యం చేసేవాళ్ల కోసం రాసిన సెక్షన్. ఇంటర్వ్యూ చేసే మీకు అచ్చంగా వర్తించకపోవచ్చు. కానీ ఆ 'ఎంత అవసరమో అంత' అన్న కొలత మాత్రం పట్టుకోండి. మీరు తడబడింది ఆ కొలత దగ్గరే. ఆశా కార్యకర్తకు "ఆమెకు ప్రాణం తీసుకునే ఆలోచన ఉంది, ఇవాళే వెళ్లి చూడాలి, మందు తీయించాలి" అన్నంత వరకు చాలు. అత్తగారింటి గొడవ, వడ్డీ లెక్క, మరిదితో మాట పట్టింపు కూడా మీ నోటి నుంచి వెళ్లాయని రాశారు. అవి అక్కర్లేదు. రెండోది, ఎవరికి చెప్పాలో ఆమెనే అడగాల్సింది: "అక్కా, ఇది నా ఒక్కదాని దగ్గర దాచేది కాదు. నువ్వు ఉండాలె. ఎవలకు చెప్పుదాం, నువ్వే చెప్పు." ఆమె అక్క పేరు చెప్పేదేమో. మరిది పేరు చెప్పేది కాదు, అంతవరకు మీ ఉత్తరం చదివిన నాకే తెలుస్తోంది.

మరిది అంతలా అరవడానికి కోపం ఒక్కటే కారణం కాకపోవచ్చు. పోలీసులు వస్తారు, మా ఇంటి మీద కేసు పెడతారు అన్న భయం ఉంటుంది. ప్రాణం తీసుకోబోయిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే చూడాలి తప్ప శిక్షించకూడదని అదే చట్టంలో 115వ సెక్షన్ ఉంది. ఆశా కార్యకర్త ద్వారా ఈ ముక్క ఆయనకు చేరేలా చూడండి. మీరే ఫోన్ చేసి వాదించకండి.

ఇప్పుడు ఆమెను కలవాలా? మీకు మూడు దారులున్నాయి. ఒకటి, ఏమీ చేయకుండా దూరంగా ఉండిపోవడం. మరిది తిట్లు తప్పుతాయి. కానీ నా గుట్టు విని, ఊరికి చెప్పి, మాయమైందన్న లెక్కలోనే మీరు ఆమెకు మిగిలిపోతారు. ఇంకోసారి ఇంకెవరికీ చెప్పదు. మీరు దూరంగా ఉండటంలో నాకు కనిపించే అసలు ప్రమాదం అదే. రెండోది, అక్కకు ఫోన్ చేసి, "వస్తే పర్వాలేదా అని అడుగుతావా" అనడం. ఆమె వద్దంటే ఆగిపోవాలి. ఆ వద్దు అనే హక్కు ఆమె చేతికి తిరిగి రావడం కూడా మంచిదే. మూడోది, మీ బదులు అనుభవం ఉన్న కౌన్సెలర్‌ను పంపడం. వైద్యం సంగతి ఎటూ వాళ్లకే వదలాలి, వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. కానీ మీరు తెంపిన నమ్మకాన్ని ఇంకొకరు వెళ్లి అతికించలేరు. నన్నడిగితే రెండో దారి. వెళ్తే నోట్‌బుక్, రికార్డర్, టాబ్ ఏవీ వద్దు. "నిన్ను అడగకుండా చెప్పిన, అది నా తప్పు. చెప్పుడు మాత్రం తప్పు కాదక్కా, మళ్లా అట్లనే అయితే మళ్లా చెప్త" అనండి. ఈ రెండు వాక్యాలూ చెప్పాలి. మొదటిదే చెప్పి ఊరుకుంటే క్షమాపణ అవుతుంది గానీ, ఇంకోసారి ఒట్టు వేయించుకోవడానికి దారి తెరిచినట్టే.

ముందు ముందు ఎవరి దగ్గర కూర్చున్నా, మొదటి రోజే, టీ తాగేటప్పుడే చెప్పేయండి: "మీరు చెప్పేది నా దగ్గరే ఉంటది. కని మీ పానానికో, పిల్లలకో ముప్పు అనిపిస్తే మాత్రం ఒకరికి చెప్త, మీకు చెప్పే చెప్త." సమ్మతి పత్రం మీద వేలిముద్ర పడినంత మాత్రాన సమ్మతి వచ్చినట్టు కాదు. కూర్చున్న ప్రతిసారీ మళ్లీ అడగాలి.

రికార్డింగ్ సంగతి. చెరిపేయాలన్న తొందర మీ మనశ్శాంతి కోసం. ఆ గొంతు ఆమెది, ఏం చేయాలో చెప్పాల్సింది కూడా ఆమే. అయితే ఇప్పుడు అడగకండి. ఈ స్థితిలో ఆమె "నీ ఇష్టం బిడ్డా" అంటుంది, అది జవాబు కాదు. అప్పటి దాకా ఆ ఫైలు ఎవరికీ వెళ్లకుండా పక్కన పెట్టి, ఆ మాట ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఎక్కించేది లేదని కోఆర్డినేటర్‌కు మెయిల్ చేయండి. నోటితో చెబితే నిలవదు. పేరు మారుస్తాం కదా అంటారు. పరకాల వైపు, కౌలు పత్తి, ఎనిమిది నెలలు, ఇద్దరు పిల్లలు అని రాస్తే ఆ మండలంలో పేరు ఎవరికి కావాలి? ఈ ఉత్తరం అచ్చువేయడానికి నేనెన్ని మార్చాల్సి వచ్చిందో మీరే చూస్తున్నారు. ఆ మెయిల్ వల్ల మీ ఉద్యోగానికి ఇబ్బంది రావచ్చు, రాదని చెప్పలేను.

"మనం కౌన్సెలర్లం కాదు" అన్న మాటలో సగం సరైనదే. కథ వినడం, ఆపదలో ఉన్న మనిషికి ఆసరా ఇవ్వడం వేర్వేరు పనులు, వాటిని కలపకూడదు. 2023 జులై 27న మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగితే జనం ఇళ్ల పైకప్పులు ఎక్కారు. అలా దిగి వచ్చిన మనిషిని "మీకు ఆ రాత్రి ఎలా అనిపించింది" అని అడగరు. ఒళ్లు తడిగా ఉందా, ఇంటివాళ్లంతా దొరికారా, ఫోన్ కావాలా అని అడుగుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ఇచ్చిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శిలో ఉన్నదీ అదే: చూడు, విను, సాయానికి కలుపు. జరిగింది మళ్లీ చెప్పమని ఒత్తిడి చేయొద్దని అందులో ఉంది. కానీ కథ చెబుతూ చెబుతూనే మనిషి ఆపదలోకి జారితే, "నేను ఒడ్డున రాసుకునేదాన్ని" అంటే కుదరదు. ఆ క్షణంలో పుస్తకం మూసేయాలి. మూయడానికి ఏర్పాటు సంస్థ చేయాలి. ఎవరికి ఫోన్ చేయాలి, ఆ రోజు పెద్ద దిక్కు ఎవరు, దగ్గర్లో డాక్టర్ ఎవరు, బస్సు పోతే ఎక్కడ పడుకోవాలి అన్నది ఊరికి బయలుదేరే ముందే కాగితం మీద ఉండాలి. కథ కావాలి గానీ ఆ కాగితం అక్కర్లేదనే సంస్థ అక్కడికి మీలాంటి చిన్నవాళ్లను పంపకూడదు.

అందుకే మానేయాలా అన్నదానికి నేను అవుననీ కాదనీ అనను. ముందు ఆ ఏర్పాటు అడిగి చూడండి, ఇద్దరిద్దరుగా పంపమనండి. ఇస్తే ఉండండి, మీలా నిద్ర పట్టనివాళ్లు ఆ పనికి కావాలి. ఇవ్వకపోతే ఇంకో కథ రికార్డు చేయకముందే బయటికి రండి. కౌన్సెలింగ్ వైపే వెళ్లాలనుంటే శిక్షణ తీసుకుని వెళ్లండి, ఈ గిల్టుతో కాదు. ఈలోగా రాత్రి ఆ రికార్డింగ్ మళ్లీ మళ్లీ వింటున్నానని రాశారు. ఆపండి. అవతలి మనిషి బాధ విన్నవాళ్లకూ అంటుకుంటుంది. మీకంటే పెద్దవాళ్లు, ఈ పని తెలిసినవాళ్లు ఒకరితో వారానికి ఒకసారి కూర్చుని చెప్పుకోండి. అలాంటివాళ్లు దొరికేదాకా 14416 మీకూ ఉంది.

కంకుల గురించి. తీసుకోవడం తప్పేం కాదు, వద్దంటే ఆమె చిన్నబుచ్చుకునేది. ఆ సంచి ఇంకా మా రూంలోనే ఉందని ఫోన్లో అన్నారు కదా. ఆమె రమ్మంటే పట్టుకెళ్లండి. మన దగ్గర ఖాళీ సంచి తిరిగివ్వరు, పిల్లలకు రెండు బిస్కెట్ ప్యాకెట్లు వేసి ఇవ్వండి.